నిమిషంలో దిగే బీపీ

ఈరోజు డ్యూటీ అంతా ఏడో బెడ్ దగ్గరే గడిచింది. యాభై దాటిన రైతు. తెల్లవారుజామున ఆయాసంతో తీసుకొచ్చారు. బీపీ 230/130, ఊపిరితిత్తుల్లో నీరు. మాట పూర్తిచేసే ఊపిరి కూడా లేదు ఆయనకి.

ఆక్సిజన్, నీరు లాగే ఇంజెక్షన్ అయ్యాక డాక్టర్‌గారు నైట్రోప్రస్సైడ్ మొదలుపెట్టమన్నారు, నరంలోకి ఎక్కించి బీపీని వెంటనే దించే మందు. ఈ మధ్య మా దగ్గర దీని వాడకం తగ్గింది. అందుకే వయల్ చేతిలోకి తీసుకున్నప్పుడల్లా నాకు ఒళ్ళు దగ్గర పెట్టుకున్నట్టే ఉంటుంది. ఎర్రమట్టి రంగు పొడి, 50 మిల్లీగ్రాములు. ఐదు శాతం డెక్స్‌ట్రోజ్‌లో 50 ఎంఎల్‌కి కలిపి, సిరంజికీ ట్యూబ్‌కీ అల్యూమినియం ఫాయిల్ చుట్టాను. వెలుతురు తగిలితే ఈ మందు విడిపోతుంది, సైనైడ్ బయటపడుతుంది. దీని ఒక్కో అణువులో ఐదు సైనైడ్లు, ఒక నైట్రిక్ ఆక్సైడ్ ఉంటాయి మరి. రక్తనాళాలను వదులు చేసేది ఆ నైట్రిక్ ఆక్సైడే. శరీరంలో అది చేసే పని కనిపెట్టినందుకే 1998లో ముగ్గురికి నోబెల్ ఇచ్చారు.

అరవై కిలోల మనిషికి గంటకి ఒక ఎంఎల్‌తో పంప్ మొదలైంది. అంటే కిలోకి నిమిషానికి 0.3 మైక్రోగ్రాములు. రెండు నిమిషాలు కాకముందే ఆర్టీరియల్ లైన్ (ధమనిలో పెట్టి బీపీని క్షణక్షణం చూపించే గొట్టం) మీద పై అంకెలు కదిలాయి. 224, 218, 211. ఆపితే అంతే తొందరగా మళ్ళీ ఎక్కుతుంది. కాబట్టి మానిటర్ మీద నుంచి చూపు తిప్పడానికి లేదు.

కొడుకు తలుపు దగ్గర నిలబడి ఒకటే మాట. "సిస్టర్, ఇంకాస్త పెంచండి. 120కి తెచ్చేయండి." ఆ అబ్బాయి భయం నాకు తెలుసు. కానీ ఏళ్ళ తరబడి ఎక్కువ ఒత్తిడికి అలవాటుపడిన మెదడుకి ఒక్కసారిగా తగ్గిస్తే రక్తం చాలదు, పక్షవాతం రావచ్చు. మొదటి గంటలో సగటు బీపీ పావు వంతుకి మించి తగ్గకూడదు. ఒకప్పుడు బీపీ తగ్గించే నిఫెడిపిన్ క్యాప్సూల్ గుచ్చి నాలుక కింద వేసేవాళ్ళు. బీపీ దబ్బున పడిపోయి, స్ట్రోకులూ గుండెపోట్లూ వచ్చాకే ఆ అలవాటు మానుకున్నారు. "ఈ మందుకి తొందర ఎక్కువ బాబూ, మనం నిదానంగా ఉండాలి" అని చెప్పి కూర్చోబెట్టాను. గంట తర్వాత 182/106. పెద్దాయన మొదటిసారి దిండుకి తల ఆనించారు.

మధ్యాహ్నం ఆయన భార్య చెప్పింది, కోతలప్పటి నుంచి మాత్రలు మానేశారట. "బాగానే ఉన్నాడు గదమ్మా" అంది. పీహెచ్‌సీలో ఊరికే ఇచ్చే మాత్రలు! నాకు కోపం రాలేదు, కడుపు తరుక్కుపోయింది. బీపీకి నొప్పి ఉంటే ఎంత బాగుండేదో. ఏ మాత్ర ఎప్పుడు వేయాలో ఆమెతో రెండుసార్లు తిరిగి చెప్పించాను.

సాయంత్రానికి నోటి మాత్రలు మొదలుపెట్టి పంప్ సగానికి తగ్గించాం. నైట్ సిస్టర్‌కి హ్యాండోవర్ ఇస్తూ ఫాయిల్ తీయొద్దన్నాను. మందు నీలంగానో ఆకుపచ్చగానో మారితే పారేసి కొత్తది కలపమన్నాను. కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ రిపోర్ట్ ఇంకా రాలేదు. శరీరంలో సైనైడ్ మారాక మిగిలే థయోసయనేట్ అనే పదార్థాన్ని బయటికి పంపాల్సింది కిడ్నీలే. అవి దెబ్బతిని ఉంటే రాత్రికే పంప్ తీసేసి వేరే మందుకి మారుస్తామన్నారు డాక్టర్‌గారు.