పర్లాకిమిడిలో మావాడి పరుగు

నిన్న సాయంత్రం మావాడు మహేంద్రతనయ నది గట్టు మీద పరిగెత్తాడు. మూడేళ్ల తర్వాత! వెనకాల నిలబడి ఏడుస్తూనే ఉన్నాను.

ఆరో ఏట కుంటడం మొదలైంది. మోకాలు నొప్పి అన్నాడు. ఇక్కడ మోకాలికే ఎక్స్‌రే తీశారు, ఏమీ లేదన్నారు. ఆటల్లో బెణికి ఉంటుందని నాలుగు నెలలు నూనె రాశాను. అది తలచుకుంటే ఇప్పటికీ కడుపు తరుక్కుపోతుంది.

విశాఖలో పిల్లల ఎముకల డాక్టరు గారు తుంటికి ఎక్స్‌రే తీయించారు. పెర్తెస్ జబ్బు. తుంటి దగ్గర తొడ ఎముక గుండుకి రక్తం అందక అది మెత్తబడి నలిగిపోతుందట. నొప్పి మాత్రం చాలామందికి మోకాలి దగ్గరే తెలుస్తుందట. రక్తం మళ్ళీ అందితే శరీరమే కొత్త ఎముక కట్టుకుంటుంది, కానీ ఏళ్లు పడుతుంది. అంతవరకు ఆ గుండు, తుంటిలో అది కూర్చునే గిన్నెలోంచి జరగకుండా చూడాలి.

అందుకని రెండు కాళ్లూ ఎడంగా పెట్టి, మధ్యలో కర్ర కట్టి, ఆరు వారాలు పిండికట్టు. గుణుపూర్ రైల్లో వాణ్ణి పడుకోబెట్టడానికి ఒక ఒడియా పెద్దావిడ సీటు వదిలేసి, దారంతా వాడి తల నిమురుతూ నిలబడింది. ఆ ఏడు రథయాత్ర పక్కింటి డాబా మీంచి చూపించాను. "అమ్మా, వచ్చే ఏడు నేను తాడు లాగుతానా?" అన్నాడు. నోట మాట రాలేదు.

నాలుగు నుంచి ఎనిమిదేళ్ల పిల్లలు కుంటుతూ మోకాలు నొప్పి అంటే, తుంటి కూడా చూడమని అడగండి. దయచేసి.

ఎదుగుదల ఆగేదాకా ఎక్స్‌రేలు తప్పవు, ఆ టెన్షన్ ఉంటుంది. కానీ ఈసారి రథం తాడు పట్టుకుంటాడు.