బర్న్ ఇన్ పేరు చెప్పి నా రిటర్న్ గడువు మింగేశారు

నిన్ననే స్పీకర్లు మార్చి ఇచ్చారు, కోపం ఇంకా దిగలా, అందుకే రాసేస్తన్నా.

నెల్లూరులోనే ఒక షాపులో బుక్‌షెల్ఫ్ స్పీకర్ల జత కొన్నా. కొనడం, ఇంటికి తేవడం, ఆంప్లిఫయర్‌కి (ఆంప్) వైర్లు కలపడం అంతా సాఫీగానే అయింది. పాట పెడితే తాళాలు ఎడమ పక్క ఘల్లుమంటన్నాయి, కుడి పక్క అసలు లేవు. ఫోన్ చేస్తే "కొత్త సరుకు కదా సార్, బర్న్ ఇన్ కావాల, రెండొందల గంటలు మోగించండి, అదే విచ్చుకుంటది" అన్నారు. రాత్రింబగళ్ళు ఆపకుండా మోగించినా రెండొందల గంటలంటే ఎనిమిది రోజులు దాటుద్ది, బిల్లు మీద రిటర్న్ గడువేమో 7 రోజులు! వాళ్ళ మాట మీద పింక్ నాయిస్, అంటే జోరువాన లాంటి హోరు, పెట్టి వదిలేస్తే, ఆ హోరుకి కింద పోర్షన్ పిన్నమ్మ పైకొచ్చి "ఏందబ్బయ్యా, మోటారు కట్టెయ్యడం మర్చిపోయినావా" అనింది.

గడువు దాటాక షాపుకి మోసుకుపోతే కౌంటర్ కుర్రోడు రెండు స్పీకర్లూ కలిపి ఫుల్ సౌండ్‌లో పెట్టి, అందరి ముందూ "బానే ఉంది కదా సార్, ఒకసారి చెవుల డాక్టర్‌కి చూపించుకోండి" అన్నాడు. పక్కనోళ్ళు నవ్వారు. టీవీలు కొనడానికొచ్చిన ఒకాయనైతే నాకేసి జాలిగా చూశాడు. ఒక్కోటీ విడిగా పెట్టు నాయనా అంటే పెట్టడు, వైర్లు అటూ ఇటూ మార్చి చూడమంటే టైం లేదంటాడు, వెనకున్న మేనేజర్ తలెత్తి కూడా చూళ్ళా.

ఇంటికొచ్చి నేనే మార్చా. మూగ స్పీకర్ ఎడమకి మార్చినా మూగగానే ఉంది, అంటే ఆంప్ తప్పు లేదు. తర్వాత ఒకే దూరం, ఒకే వాల్యూమ్, అదే పింక్ నాయిస్, ఫోన్‌లో ఏ శబ్దం ఎంత మోగతందో గీతలో చూపించే స్పెక్ట్రమ్ యాప్ పెట్టి వీడియో తీశా. ఒకదాంట్లో మూడు వేల హెర్ట్జ్ దాటాక గీత దబ్బున పడిపోయింది. అంటే సన్న శబ్దాలు పలికే ట్వీటరే మోగట్లా!

బర్న్ ఇన్ మొత్తం అబద్ధమనను. లావు శబ్దాలు పలికే వూఫర్ చుట్టూ రబ్బరు అంచు, వెనక దాన్ని పట్టి ఉంచే స్పైడర్ అనే మడతల గుడ్డ కొత్తలో బిరుసుగా ఉండి కాస్త సడల్తాయి, రెజొనెన్స్, అంటే అది సహజంగా ఊగే ఫ్రీక్వెన్సీ, కొద్దిగా కిందికి దిగుద్ది, అదీ చాలావరకు మొదట్లో కాసేపట్లోనే. మిగతాదంతా మన చెవి అలవాటు పడటమే. ఇంకోటి, సౌండ్ పిసరంత ఎక్కువున్నా బాగున్నట్టే వినపడుద్ది, పోల్చేటప్పుడు వాల్యూమ్ సమానంగా పెట్టుకోండి. కేబుల్‌కి కూడా బర్న్ ఇన్ కావాలనేవాడి దగ్గర ఒక్క క్షణం నిలబడబాకండి. అసలు మోగని ట్వీటర్ గంటలు గడిస్తే మోగడమేంది?

వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి కంప్లైంట్ పెట్టి, ఆ కంప్లైంట్ నంబరూ వీడియో మేనేజర్‌కి వాట్సాప్ చేశా. 5 లక్షల లోపు సరుకుకి జిల్లా వినియోగదారుల కమిషన్లో ఫీజు కూడా ఉండదని ఒక లైను రాశా. సాయంత్రానికల్లా "సార్, తీసుకురండి" అని ఫోన్. నా ముందే విప్పించా. ట్వీటర్ వైరు క్లిప్పు ఊడి వేలాడతంది, ఫోటో కూడా తీసుకున్నా. కుర్రోడు పత్తా లేడు.

కొత్త జత మొదటి పాటకే రెండు పక్కలా ఘల్లుమనింది. ఆటో డబ్బులు అడిగితే మాత్రం మేనేజర్ నవ్వి ఊరుకున్నాడు.