చేదుకో కోటయ్యా

"నానమ్మా, నన్ను కోటీ అని పిలవొద్దు."

ఈ వేసవిలో గుంటూరు వెళ్లిన రెండో రోజే మా పదేళ్లవాడు ఈ మాట అనేశాడు. అమ్మ ముఖం చిన్నబోయింది. నాకు కోపం వచ్చింది. కోటేశ్వరరావు మా నాన్నగారి పేరు. ఎవరెన్ని చెప్పినా వినకుండా పట్టుబట్టి వాడికి పెట్టింది నేనే.

"తాతగారి పేరురా" అన్నాను.

"నువ్వు ఆఫీసులో సామ్ కదా నాన్నా. మరి నేనెందుకు మార్చుకోకూడదు?"

నా పేరు సాంబశివరావు. అంబతో కూడిన శివుడు. పదిహేనేళ్లుగా మేముండే పరాయి దేశంలో ఎవరికీ ఆ పేరు పూర్తిగా చెప్పలేదు. వాడికి ఏం జవాబు చెప్పను?

ఇంకో తప్పు కూడా చేశాను. చిన్నప్పుడు వాడు తన పేరుకు అర్థం అడిగితే కోటలకు రాజు అని చెప్పేశాను. నిజానికి అది రాళ్ల కోట కాదు. నరసరావుపేట దగ్గర కోటప్పకొండకు బ్రహ్మ, విష్ణు, రుద్ర అని మూడు శిఖరాలు. కూటమంటే శిఖరం. త్రికూటేశ్వరుడే జనం నోట త్రికోటేశ్వరుడై, చివరికి మన కోటయ్య అయ్యాడు. 2022లో ఆ కొండ పల్నాడు జిల్లాలోకి వెళ్లింది గానీ, గుంటూరులో ఏ వీధిలో నిలబడి "కోటేశ్వరరావూ" అని కేకేసినా ఒకరైనా వెనక్కి తిరుగుతారు. శివరాత్రికి ప్రభలు కట్టే ఊళ్ల సంగతి ఇక చెప్పనక్కర్లేదు.

అమ్మ ఇవేవీ చెప్పలేదు. సాయంత్రం వాణ్ణి పెరట్లో బావి దగ్గరికి తీసుకెళ్లి చేద వేయించింది. గిలక కిర్రుమంది. వాడు రెండు చేతులా తాడు లాగాడు. సగం నీళ్లు ఒలికిపోయాయి, చొక్కా తడిసింది.

"దీన్నే చేదడం అంటారు నాన్నా. కొండకెళ్లేవాళ్లు 'చేదుకో కోటయ్యా, చేదుకో' అంటారు. మమ్మల్నిలా పైకి లాక్కోవయ్యా అని."

వాడు మళ్లీ చేద వదిలాడు. నీళ్లలోకి వంగి చూస్తూ "చేదుకో కోటయ్యా" అన్నాడు మెల్లగా. నా కళ్లు చెమర్చాయి.

పేరుతో పాటు దాని అసలు అర్థం కూడా పిల్లలకు ముందే చెప్పండని ఎవరికైనా చెబుతాను. కానీ క్లాసులో ఆ పేరు దగ్గర టీచర్ ఆగిపోయి, అందరూ వెనక్కి తిరిగి చూసే క్షణం వాడొక్కడిదే. అప్పుడు అర్థం ఏపాటి తోడుంటుంది?

స్కూలు ఫారంలో 'పిలిచే పేరు' గడి ఎప్పుడూ నేనే నింపేవాణ్ణి. ఈసారి వాడి చేతికిచ్చాను. "తర్వాత రాస్తా" అన్నాడు. మూడు రోజులైంది, ఇంకా రాయలేదు. నా ఈమెయిల్ కింద 'సామ్' తీసేద్దామని నేనూ రెండుసార్లు తెరిచాను. రెండుసార్లూ అలాగే మూసేశాను.