నాటుకోడి రెట్టకీ పరీక్ష ఉంది, చేయించండి

ఆనందపురం దగ్గర మా ఇంటి వెనక జాగాలో నాటుకోళ్లు పెంచుతున్నాం. ఈ వానలు పడ్డాక అవి చిక్కిపోవడం మొదలెట్టాయి. మేత మామూలుగానే తింటున్నాయి, ఎత్తుకుంటే మాత్రం రొమ్ము ఎముక చేతికి గుచ్చుకుంటోంది. తురాయిలు పాలిపోయాయి, పెట్టలు గుడ్లు మానేశాయి. కొక్కెర తెగులు అనుకుందామంటే టీకాలు వేయించినవే.

మందుల షాపువాడు ఏదో పొడి పొట్లం ఇచ్చి "అన్నిటికీ ఇదే సార్" అన్నాడు. అన్నిటికీ ఒకటే మందైతే డాక్టర్లెందుకు? కొనలేదు. పొద్దున్నే తాజా రెట్ట స్వీటు డబ్బాలో వేసుకుని సిటీలో పశువుల ఆసుపత్రికి వెళ్లాను.

చీటీ రాసే ఆయన "ఏ జంతువు?" అన్నాడు. కోడి అన్నాను. "ఏదీ?" అంటే డబ్బా చూపించాను. మూత తీసి మరీ చూసి, హాలంతా వినపడేలా "ఏటి సార్, నాటుకోడికి పరీక్షేటి? పులుసెట్టేసుకోక!" అన్నాడు. అందరూ నవ్వారు. లైన్లో లాబ్రడార్‌ని పట్టుకున్నావిడ ముక్కు మూసుకుని పక్కకి జరిగింది. ఆవిడ కుక్క అక్కడే గోడకి కాలెత్తితే ఎవరూ కిక్కురుమనలేదు. ఆ గదికెళ్లండి అన్నారు, అక్కడ ల్యాబ్ అన్నారు, ల్యాబ్‌లో సంతకం లేదని మళ్లీ చీటీ ఆయన దగ్గరికే పంపారు. ఆయన టీకి వెళ్లాడు. డబ్బా ఒళ్లో పెట్టుకుని బల్ల మీద కూర్చున్నాను. కుక్కకి ఖర్చుపెడితే ప్రేమట, ఇంటిల్లిపాదికీ గుడ్లు పెట్టే కోడికి పెడితే పిచ్చట!

చివరికి ఒక కుర్ర డాక్టరమ్మ తీసుకుంది. చిక్కటి ఉప్పునీళ్లలో రెట్ట కలిపి వడగట్టి, పైకి తేలింది గాజు పలక మీదకి తీసి, "చూస్తారా అంకుల్?" అంది. మైక్రోస్కోప్‌లో కోలగా, మందపాటి పెంకుతో ఏలికపాము గుడ్లు! రక్త పారుడు తెచ్చే కాక్సిడియా అనే సూక్ష్మజీవి మాత్రం లేదంది. అదుంటే నట్టల మందు పనిచేయదు, దాని మందు వేరు. షాపువాడి పొట్లానికి ఈ తేడా తెలుసా?

మందు వేయడం సులువే. ఆల్బెండజోల్ అనే నట్టల మందు, బరువును బట్టి, ఒక్కోదానికి సిరంజితో నోట్లో పోశాం. నీళ్లలో కలిపితే అడుగున పేరుకుంటుంది, ఏ కోడి ఎంత తాగిందో తెలీదు. తర్వాత రెట్టలో తెల్లగా సేమ్యాలా పురుగులు పడ్డాయి, కొన్నయితే వేలెడు పొడవు. మా ఇంటావిడ వారం పాటు సేమ్యా వండనంది.

కడుపులో చేరిన పురుగు పెరిగి గుడ్లు పెట్టడానికి 5 నుంచి 8 వారాలు పడుతుంది, తడి మట్టిలో ఆ గుడ్లు నెలల తరబడి బతుకుతాయి. అందుకే మళ్లీ మందు వేయాలి, గూడు కింద మట్టి తీసి పొడిగా ఉంచాలి, కోడిపిల్లల్ని పెద్దవాటితో కలిపి వదలకూడదు. మందు వేశాక గుడ్లు ఎన్నాళ్లు తినకూడదో డాక్టర్‌తో చీటీ మీద రాయించుకోండి. అడక్కపోతే ఎవరూ చెప్పరు.