అతుకు ముందు, అందం తర్వాత

మిగిలిపోయిన సామానుతో చేసిన బొమ్మ తయారైన రోజున బాగానే ఉంటుంది. ఎండ తగిలే గోడ మీద కొన్ని నెలలు ఉన్నాక దాని బలం తెలుస్తుంది. హాట్ గ్లూ మెత్తబడుతుంది, చెక్క ఎండి ముడుచుకుంటుంది, ప్లాస్టిక్ మూత ఊడి కింద పడుతుంది. అందుకే పాత వస్తువు చేతిలోకి రాగానే "దీంతో ఏం చేద్దాం" అనుకునే ముందు "ఇది దేనికి అతుకుతుంది, ఎలా అతుకుతుంది" అని చూసుకోవాలి. ఈ ఒక్క అలవాటుతో పని సగం గట్టిపడుతుంది.

సెకండ్‌హ్యాండ్ సామాను కొనేటప్పుడు జేబులో చిన్న అయస్కాంతం ఉంచుకోండి. ఇత్తడి అని చెప్పిన తాళమో గంటో అయస్కాంతానికి అంటుకుంటే లోపల ఇనుము, పైన పూత మాత్రమే. గీకితే పూత పోతుంది, తడి తగిలితే తుప్పు పడుతుంది. పింగాణీ కప్పును వేలి గోటితో తట్టండి. ఖంగుమంటే బాగున్నట్టు. శబ్దం మొద్దుగా వస్తే కంటికి కనిపించని చీలిక ఉన్నట్టే, దానికి చిల్లు వేయబోతే రెండుగా విడిపోతుంది. ఫోటో ఫ్రేముల్లో పాత బొమ్మ ఎలా ఉన్నా పర్వాలేదు, నాలుగు మూలలూ చూడండి. మూల దగ్గర సందు కనిపించినా, పట్టుకుని తిప్పితే కదిలినా, బరువైన బొమ్మను దానికి ఎక్కించకండి. చెక్క సామానులో గుండుసూది తలంత గుండ్రటి చిల్లులు, వాటి కింద సన్నటి పొడి కనిపిస్తే లోపల పురుగు ఇంకా తింటూ ఉండొచ్చు. అలాంటి ముక్కను ఎంత ముచ్చటేసినా ఇంట్లోకి తేకపోవడమే మంచిది.

కొన్నిటి జోలికి అసలు పోకూడదు. పాత గొట్టపు టీవీని విప్పకండి, ప్లగ్ తీసేసినా లోపలి కెపాసిటర్లలో, గొట్టంలో కరెంటు నిలిచి ఉంటుంది. చీకట్లో మెరిసే అంకెలున్న చాలా పాత గడియారాల్లో రేడియం రంగు ఉండొచ్చు, వాటి అద్దం తీయకండి. పొట్టు లేస్తున్న పాత పెయింట్‌లో సీసం ఉండే అవకాశం ఉంది, దాన్ని పొడిగా రుద్దితే ఆ ధూళి ఊపిరితిత్తుల్లోకి పోతుంది.

తెచ్చినదాన్ని శుభ్రం చేయడం విసుగు పుట్టించే పనే, కానీ అతుకు నిలవడం, ఊడడం చాలావరకు ఇక్కడే తేలిపోతుంది. తుప్పు పట్టిన చిన్న ఇనుప ముక్కలను తెల్ల వినెగర్‌లో ఒక రాత్రి నానబెట్టి, బ్రష్‌తో రుద్ది, లీటరు నీళ్లలో చెంచాడు వంట సోడా కలిపి అందులో కడగాలి. సోడాతో కడగకపోతే మిగిలిన ఆమ్లం వల్ల గంటల్లోనే మళ్లీ నారింజ రంగు తేలుతుంది. కడగగానే తుడిచి, వేడిగాలిలో పూర్తిగా ఆరబెట్టి, పలచగా మైనం పట్టించండి. అయితే మైనం పట్టించిన చోట జిగురు పట్టదు. అందుకని అతుకు వేసేశాకే మైనం.

ఇక జిగురు. అన్నిటికీ ఒకే జిగురు వాడడం వల్లనే ఎక్కువ బొమ్మలు ఊడిపోతాయి. తెల్లటి వుడ్ గ్లూ నీళ్లు ఇంకిపోతేనే గట్టిపడుతుంది. కాబట్టి అతికే రెండింటిలో కనీసం ఒకటైనా చెక్క, అట్ట, గుడ్డ లాంటి పీల్చుకునే వస్తువై ఉండాలి. గాజు మీద ఇనుము పెట్టి దాంతో అతికితే లోపలి జిగురు వారమైనా పచ్చిగానే ఉంటుంది. హాట్ గ్లూ లోహం మీద ఎందుకు ఊడుతుందంటే, చల్లని లోహం వేడిని లాగేసుకుంటుంది, జిగురు ఉపరితలానికి పట్టుకోకముందే గడ్డకడుతుంది. దాన్ని తాత్కాలికంగా పట్టి ఉంచడానికే వాడండి. సూపర్ గ్లూ క్షణాల్లో పట్టుకుంటుంది, కానీ పెళుసు. కింద పడితే అతుకే ముందు విరుగుతుంది, పైగా దాని ఆవిరి వల్ల నల్లటి ప్లాస్టిక్ చుట్టూ తెల్లటి పొగలాంటి మచ్చ మిగులుతుంది.

లోహానికి లోహం, గాజుకు లోహం అతకాలంటే రెండు ట్యూబుల ఎపాక్సీ వాడాలి. రెండు వైపులా 120 నంబరు సాండ్ పేపర్‌తో గీతలు పడేలా రుద్ది, స్పిరిట్‌తో తుడిచి, ఆ తర్వాత వేలు తగలనివ్వకండి. రెండు ట్యూబుల నుంచీ ప్యాకెట్ మీద ఉన్న పాళ్లలో తీసుకుని నిండా నిమిషం సేపు కలపండి. కలపడం తగ్గినా, ఒకటి ఎక్కువైనా అది ఎన్నాళ్లయినా జిడ్డుగానే ఉంటుంది. అయిదు నిమిషాల ఎపాక్సీ అయినా పూర్తి బలం రావడానికి దాదాపు ఒక రోజు పడుతుంది. అతుకును నొక్కి పట్టే క్లాంపును మరీ బిగించకండి, జిగురంతా బయటికి కారిపోయి అతుకులో ఏమీ మిగలదు.

ప్లాస్టిక్ సీసా మూతలు, షాంపూ డబ్బాలు, పల్చటి డబ్బాల సంగతి వేరు. అడుగున త్రికోణంలో 2, 4, 5 అంకెలుంటే అవి పాలిథీన్, పాలీప్రొపిలీన్ జాతివి. వాటి మీద నీటి చుక్క వేస్తే పరుచుకోకుండా గుండ్రంగా నిలబడుతుంది, మామూలు జిగురుదీ అదే తీరు. వీటిని అతికించే ప్రయత్నం మానేసి తీగతో కట్టండి, రివెట్ వేయండి, స్క్రూ బిగించండి.

నన్నడిగితే తీగ కట్టడమే ఈ కళలో అన్నిటికన్నా అందమైన అతుకు. ఘానాలో పుట్టిన శిల్పి ఎల్ అనాట్సుయ్ సీసాల అల్యూమినియం మూతలను చదును చేసి, రాగి తీగతో ఒకదానికొకటి కుట్టి గోడంత పెద్ద తెరలు చేస్తాడు. జిగురు లేదు కాబట్టే అవి గుడ్డలా మడతలు పడతాయి, ప్రతిసారీ కొత్త ఒంపుల్లో వేలాడతాయి. చిన్న మోతాదులో చేయాలనుకుంటే 0.5 మిల్లీమీటర్ల మెత్తటి రాగి తీగ, మేకు, సుత్తి, కింద పెట్టడానికి చెక్క దిమ్మ చాలు. చిల్లు అంచుకు కనీసం 3 మిల్లీమీటర్ల లోపల ఉండాలి, లేకపోతే తీగ లాగినప్పుడు రేకు చిరుగుతుంది. కనబడే వైపు నుంచి కొట్టండి, చిల్లు పదునైన అంచు వెనక్కి పోతుంది, దాన్ని ఆకురాయితో రుద్దేయండి. తీగను మూడు మెలికలు తిప్పి, కొస వెనక్కి వంచితే గీసుకోదు. తడి తగిలే చోట మాత్రం అల్యూమినియం, రాగి జోడీ వద్దు, రాగి తాకిన చోట అల్యూమినియం తినేసినట్టవుతుంది.

వెడల్పాటి చెక్క మీద రేకు బిగించేటప్పుడు ఇంకో చిక్కు ఉంది. తేమను బట్టి చెక్క నార పొడవునా దాదాపు మారదు, అడ్డంగా మాత్రం ఉబ్బి ముడుచుకుంటుంది. రేకు అలా కదలదు. మధ్యలో ఒక స్క్రూ గట్టిగా బిగించి, అంచుల దగ్గర రేకుకు కోలగా చిల్లులు తీసి అక్కడి స్క్రూలను కొంచెం వదులుగా ఉంచండి. అన్నీ గట్టిగా బిగిస్తే రేకు అలలు లేస్తుంది, లేదా చెక్క చీలుతుంది.

కాగితం ముక్కలు అతికించి చేసే కొలాజ్‌కు వచ్చేది వంగిపోయే జబ్బు. తడిసిన కాగితం సాగి, ఆరాక ముడుచుకుంటూ అట్టను తనవైపు లాగుతుంది. అట్ట వెనక కూడా అదే మందం కాగితం అతికిస్తే రెండు లాగుళ్లూ సరిపోతాయి. వార్తాపత్రిక కాగితంలో చెక్కలో ఉండే లిగ్నిన్ అనే పదార్థం ఉంటుంది, వెలుగు తగిలి పచ్చబడుతుంది. ఆ రంగు మార్పు వద్దనుకుంటే ముక్కను ఆమ్లం లేని కాగితం మీద ప్రింట్ తీసి వాడండి.

అమరికకు వస్తే, పికాసో 1942లో సైకిల్ సీటు, హ్యాండిల్ కలిపి ఎద్దు తల చేశాడు. రెండే వస్తువులు, అయినా సీటు సీటుగానూ కనబడుతుంది, ఎద్దు ముఖంగానూ కనబడుతుంది. పాత సామాను దొరికిన ఉత్సాహంలో అన్నీ ఒకే చోట గుమ్మరిస్తే ఈ రెండు చూపుల ఆట పోతుంది. జిగురు ముట్టకుండా నేల మీద పరిచి, ఫోనులో నలుపు తెలుపు ఫోటో తీసి చూడండి. రంగులు పోయాక ఏది మరీ కొట్టొచ్చినట్టు ఉందో, ఏది అనవసరమో తేలిగ్గా తెలుస్తుంది. సామాను మరీ రకరకాలుగా ఉంటే అమెరికన్ శిల్పి లూయీస్ నెవెల్సన్ దారి ఉంది. ఆమె కుర్చీ కాళ్లు, చెక్క ముక్కలు, పాత నగిషీలు పెట్టెల్లో పేర్చి మొత్తానికి ఒకే నలుపు వేసేది. అప్పుడు ఆకారాలు, నీడలు మాత్రమే మిగులుతాయి. అయితే వాడి వాడి అరిగిన రంగే వస్తువుకు అందమైతే దానికి పెయింట్ వేయకండి, అది మళ్లీ రాదు.

గోడకు పెట్టే ముందు బొమ్మను తూకం వేయండి. హుక్కు, తీగ రెండూ కనీసం దానికి రెట్టింపు బరువు మోసేవై ఉండాలి. వెనక తీగ కట్టే డీ రింగులను పైఅంచు నుంచి ఎత్తులో మూడో వంతు కిందికి బిగిస్తే బొమ్మ ముందుకు ఎక్కువ వాలదు. బరువంతా ఒక పక్కన ఉన్నదైతే ఒక్క హుక్కు మీద తీగ జారుతుంది, రెండు హుక్కులు దూరంగా కొట్టండి.