తిరుపతిలో 40 ఓచర్లు

కడపలో పొద్దున ఆరు గంటల బస్సెక్కాను. బస్సులో అందరూ దర్శనానికి పోతున్నారు, నేనొక్కణ్ణే లెక్కలు నేర్చుకోడానికి. బాలపల్లె అడవిలో నిద్రపట్టింది, లేచేసరికి కరకంబాడి.

మాది టీబీ మీద పనిచేసే చిన్న స్వచ్ఛంద సంస్థ. పోయినేడు ఆడిట్‌లో మా ప్రయాణ బిల్లులు కొన్ని చెల్లవని కొట్టేస్తే ఆ డబ్బు సొంతంగా కట్టుకోవాల్సి వచ్చింది, అందుకే నన్నీ శిక్షణకు తోలారు.

మొదటి పూటంతా ఉపన్యాసమే. ఎయిడ్స్, టీబీ, మలేరియాల మీద పనికి డబ్బిచ్చే అంతర్జాతీయ సంస్థ గ్లోబల్ ఫండ్ 2002లో మొదలైంది. అది తను సాయం చేసే ఏ దేశంలోనూ ఆఫీసు పెట్టుకోదు, డబ్బు అక్కడి సంస్థల చేతికే ఇస్తుంది, మన దగ్గర కేంద్ర టీబీ విభాగం, జాతీయ ఎయిడ్స్ నియంత్రణ సంస్థ (న్యాకో) లాంటివాటికి. అంత బరువు మోసే సంస్థ లేనిచోట ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమం (యూఎన్‌డీపీ) తాత్కాలికంగా ఆ బాధ్యత తీసుకుని, అక్కడి సంస్థలకు పని నేర్పి, వాటికే అప్పగించి తప్పుకోవాలి. జింబాబ్వేలో 2009లో అలాగే తీసుకుంది.

మధ్యాహ్నం 40 ఓచర్ల కట్ట ఇచ్చి తప్పులు పట్టమన్నారు. నేను ఐదు పట్టేసి ధీమాగా కూర్చున్నా. పక్కన చిత్తూరు నుంచి వచ్చిన పెద్దాయన వేలు తడి చేసుకుంటూ ఒక్కోటీ తిప్పి, నేను చూసి పక్కన పెట్టిన టాక్సీ బిల్లునే నా ముందుకు తోశాడు.

"తేదీ చూడు నాయినా."

నవంబరు 31.

సాయంత్రం కపిలతీర్థం దగ్గర టీ తాగుతుంటే చెప్పాడు, ఆయన ఒకప్పుడు గేట్స్ ఫౌండేషన్ వాళ్ల అవహాన్ హెచ్ఐవీ కార్యక్రమంలో లెక్కలు చూశాడట. 2003లో మొదలైన దాన్ని 2009 నుంచి విడతలవారీగా ప్రభుత్వానికి అప్పగించారు.

"రాత్రికి రాత్రి వదిలేసి పోలేదబ్బా. ముందే మా బడ్జెట్లు, రిజిస్టర్లు సర్కారు పద్ధతికి మార్చినారు. జీతం తగ్గింది, అది వేరే సంగతి. యూసీ, అదే డబ్బు ఖర్చుపెట్టినట్టు ఇచ్చే సర్టిఫికెట్టు, రాయడం వచ్చినోళ్లం మాత్రం ఈడనే ఉండాం గదా."

నాకు మా ఆఫీసు గుర్తొచ్చింది. మూడేళ్లలో నేను నాలుగో అకౌంటెంటుని. అందరివీ కాంట్రాక్టు ఉద్యోగాలే, నేర్చుకున్నవాడు నేర్చుకున్నదాంతో సహా వెళ్లిపోతాడు, కొత్తవాడికి మళ్లీ శిక్షణ. దీన్ని సామర్థ్యం పెంచడం అంటారా?

మర్నాడు బస్టాండులో ఆయనే నా టికెట్ అడిగి చూసి, "ఈ కాగితం మీద అచ్చు ఆడిట్ నాటికి ఎగిరిపోతాది, జిరాక్స్ తీసి పెట్టుకో" అన్నాడు. ఎదురు అంగట్లో తీయించా, మూడు రూపాయలు. దానికి బిల్లు అడగబోయి, అంగడాయన మొహం చూసి ఊరుకున్నా.