గోడ కింద నాగలి చాళ్లు

హెక్సమ్‌లో రైలు దిగి, బస్సు పట్టుకుని స్టీల్ రిగ్ చేరేసరికి సన్నగా వాన మొదలైంది. తమ్ముడు గొడుగు తెరిచాడో లేదో, గాలికి అది తిరగబడింది. ఇక దాన్ని సంచిలో పెట్టేసి తడుస్తూనే నడిచాం. ఎదురుగా కొండ అంచు మీద, అంచు లేచిన చోట లేస్తూ దిగిన చోట దిగుతూ, బూడిద రంగు రాతిగోడ కనిపించినంత దూరం పోతోంది.

ఇంగ్లండ్ ఉత్తరాన సముద్రం నుంచి సముద్రం దాకా 117 కిలోమీటర్ల పొడవున సాగే గోడ ఇది. రోమన్ చక్రవర్తి హేడ్రియన్ క్రీ.శ. 122లో ఈ దీవికి వచ్చాడు. ఆయన ఆజ్ఞ మీద మూడు లీజియన్ల, అంటే రోమన్ సేనలోని పెద్ద దళాల, సైనికులు దీన్ని కట్టారు. శత్రువులు రాకుండా కట్టిన అడ్డుగోడ అనే అనుకుని బయల్దేరాను. కానీ దాదాపు ప్రతి కిలోమీటరున్నరకీ ఒక చిన్న కోట, దానికి దక్షిణాన ఒక వాకిలి, ఉత్తరాన ఒక వాకిలి. "అక్కా, ఎవర్నీ రానివ్వకూడదు అనుకుంటే ఇన్ని వాకిళ్లు ఎందుకు పెట్టారు?" అన్నాడు తమ్ముడు. మంచి ప్రశ్న. రానివ్వడానికే పెట్టారు. కాకపోతే ఎవరు, ఎప్పుడు, ఏం తోలుకుని ఎటు పోవచ్చో ఆ వాకిట్లో నిలబడ్డ సైనికుడు చెప్తాడు. నిన్నటిదాకా గొడ్లను తోలుకుపోయిన దారిలోనే ఇవాళ ఒకడి అనుమతి అడగాలి. రాజ్యం మారిందని పల్లెలో వాడికి తెలిసేది అక్కడే అనిపించింది.

ఈ గోడ కింద, కోటల కింద తవ్వినప్పుడు చాలాచోట్ల నాగలి చాళ్లు బయటపడ్డాయి. అంటే జనం దున్నుకున్న నేల మీద నుంచే ఇది పోయింది. ఆ చేలు ఎవరివి, వాళ్లను ఎక్కడికి పొమ్మన్నారు అన్నది ఏ రాతి మీదా రాసి లేదు. కట్టిన దళం పేరు మాత్రం రాళ్ల మీద చెక్కి ఉంది.

హౌస్‌స్టెడ్స్ కోట దాకా నడిచాం. కాపలా కాసినవాళ్లు రోమ్ నుంచి వచ్చినవాళ్లేనని చాలామంది అనుకుంటారు. అది నిజం కాదు. గోడ కట్టింది లీజియన్లే అయినా, కాపలా ఎక్కువగా సహాయక దళాలది. రోమ్ జయించిన జాతుల నుంచే వాళ్లను తీసుకునేవారు. ఈ కోటలో ఉన్నది ఇప్పటి బెల్జియం వైపు నుంచి వచ్చిన తుంగ్రియన్లు. ఇంకా పడమరన బర్డొస్వాల్డ్‌లో డేసియన్లు ఉండేవారు. డేసియా అంటే నేటి రుమేనియా, దాన్ని హేడ్రియన్‌కు ముందటి చక్రవర్తి ట్రాజన్ క్రీ.శ. 106లో గెలిచాడు. డేసియన్ల వంకీ కత్తి బొమ్మ చెక్కిన రాయి బర్డొస్వాల్డ్‌లోనే దొరికింది. ఆ డేసియాను గెలవడానికి వెళ్లిన దళాల్లో ఈ దీవి మనుషులైన బ్రిటన్ల దళం కూడా ఉంది! వీళ్ల పిల్లలు అక్కడ, వాళ్ల పిల్లలు ఇక్కడ. పరాయి ఊళ్లో సైనికుడికి చుట్టాలు ఉండరు, జాలీ తక్కువే. పాతికేళ్లు కొలువు చేస్తే పౌరసత్వం ఇచ్చేవారు. బ్రిటిష్‌వాళ్లు మన సిపాయిలను మెసపొటేమియాకు పంపినప్పుడు ఈ పాఠమే అప్పజెప్పారు. ఆ సిపాయిలకు మాత్రం పౌరసత్వం మాట కూడా లేదు.

మర్నాడు విండోలాండా. గోడకు కాస్త దక్షిణాన ఉన్న రోమన్ కోట ఇది, గోడ కంటే పాతది. ఇక్కడి తడి నేలలో గాలి చొరబడదు, అందుకే తోలూ చెక్కా కుళ్లలేదు. మ్యూజియంలో చెప్పులే చెప్పులు, అరచేతిలో పట్టేంత పసిపిల్లల జోళ్లు కూడా. 1973లో ఇక్కడే తవ్వకాల్లో పల్చటి చెక్కరేకులు దొరికాయి, సిరాతో రాసిన ఉత్తరాలు. పోస్టుకార్డు సైజు ఉంటాయేమో. దుంగ నుంచి చెక్కిన పొరల్లా ఉన్నాయి.

క్రీ.శ. 100 ప్రాంతంలో ఇక్కడి దళాధిపతి పేరు ఫ్లేవియస్ సెరియాలిస్. అతను రైన్ నది ముఖద్వారం దగ్గరి బటావియన్ జాతివాడు. ఆ బటావియన్లు క్రీ.శ. 69లో రోమ్ మీద తిరగబడ్డారు. ఆ తిరుగుబాటును అణిచిన సేనాని పేరు పెటీలియస్ సెరియాలిస్. ఇతని పేరు ఆ సేనాని పేరు చూసి పెట్టిందే అయ్యుంటుందని పండితుల ఊహ. అదే నిజమైతే, తమ వాళ్లను ఓడించినవాడి పేరు ఒక తండ్రి కొడుక్కి పెట్టుకున్నాడు. భయం వల్లనో, కృతజ్ఞత వల్లనో, కొడుకు బాగుపడాలన్న ఆశ వల్లనో. ఆ కొడుకు దళాధిపతి అయ్యాడు, లాటిన్‌లో ఉత్తరాలు రాయించుకున్నాడు, మరో దీవిలో మరో జాతి మీద కాపలా కాశాడు. కత్తి ఎంత గెలుస్తుందో నాకు తెలియదు కానీ, ఈ పేరు పెట్టుకోవడం దగ్గర రోమ్ పూర్తిగా గెలిచింది.

సెరియాలిస్ భార్య లెపిడినాకు మరో అధికారి భార్య క్లాడియా సెవెరా పంపిన పుట్టినరోజు పిలుపు ఉంది. దాని అసలు రేకును లండన్‌లో బ్రిటిష్ మ్యూజియంలో చూసే వచ్చాను. ఉత్తరం గుమస్తా చేత తీరైన రాతలో రాయించింది. చివర మాత్రం సెవెరా తన చేత్తో, వంకరటింకర అక్షరాలతో, నీ కోసం ఎదురు చూస్తుంటాను అని రాసింది. ఆడమనిషి తన చేత్తో రాసిన లాటిన్‌లో మనకు తెలిసినంతలో చాలా పాతది ఇదే అంటారు. ఆ నాలుగు ముక్కల్లో 'సొరోర్' అని పిలుస్తుంది. అక్కో చెల్లో ఆ మాట చెప్పదు. మన భాషలోకి తేవాలంటే ఎవరు పెద్దో తేల్చుకోవాలి. రైల్లో చాలాసేపు ఆలోచించాను. చివరికి 'అక్కా' అనే అనుకున్నాను, పిలుపులో అంత బతిమాలడం ఉంది.

సెవెరా మీద ఇంత ప్రేమ పుట్టాక ఇంకో ఉత్తరం చదవకుండా ఉంటే బాగుండేది. దానిలో ఒకతను, బహుశా వర్తకుడు, తనను బెత్తాలతో కొట్టారని పై అధికారికి మొర పెట్టుకుంటాడు. తాను నిర్దోషినంటాడు. తాను సముద్రం అవతలి నుంచి వచ్చినవాణ్ని అని కూడా అంటాడు. ఆ మాట ఎందుకు కలిపాడు? ఇక్కడి వాణ్నైతే కొట్టినా సరిపోయేదనేగా! మరో రేకు మీద ఈ దేశపు మనుషులను 'బ్రిటుంకులీ' అన్నారు, చవకబారు బ్రిటన్లు అన్నట్టు. ఇన్ని వందల రేకుల్లో ఇక్కడివాళ్ల గురించి మాట్లాడే మాటలు చాలా తక్కువ.

మూడో రోజు న్యూకాసిల్ నుంచి మెట్రోలో సౌత్ షీల్డ్స్ వెళ్లాం. అక్కడ అర్బియా కోట మ్యూజియంలో ఒక సమాధి రాయి ఉంది. రెజీనా అనే ఆవిడది. పేముతో అల్లిన కుర్చీలో కూర్చుని ఉంటుంది. ఒక పక్క నగల పెట్టె, ఇంకో పక్క ఉన్ని ఉండల బుట్ట, ఒళ్లో కదురు. ముఖం ఎప్పుడో పగిలిపోయింది. కింద లాటిన్‌లో ఉంది: భర్త బరాతీస్, సిరియాలోని పామైరా వాడు. ఆమె అతను విడుదల చేసిన బానిస, అతని భార్య. కాటువెల్లౌని జాతి మనిషి, వయసు 30.

కాటువెల్లౌనీలు లండన్‌కు ఉత్తరాన ఉండేవాళ్లు. క్రీ.శ. 43లో రోమన్లను ఎదిరించినవాళ్లలో ముందువరస వాళ్లది. ఆ జాతి పిల్ల సొంత దీవిలోనే అమ్ముడుపోయి, సిరియావాడి చేతికి వచ్చింది. అతను ఆమెకు స్వేచ్ఛ ఇచ్చి పెళ్లాడాడు. ఇందులో ప్రేమ ఎంతో రాయి చెప్పదు. కానీ లాటిన్ కింద తన భాషలో, కుడి నుంచి ఎడమకు, ఇంకో వరుస చెక్కించాడు. లాటిన్‌లో వ్యాకరణం తప్పులున్నాయి, ఈ వరుస మాత్రం చెయ్యి తిరిగిన రాత. 'బరాతీస్ విడిపించిన రెజీనా, అయ్యో' అని అర్థం.

తమ్ముడు ఆ రాతి ముందు చాలాసేపు నిలబడ్డాడు. "రెజీనా అంటే లాటిన్‌లో రాణి కదక్కా. ఈ పేరు అమ్మానాన్నలు పెట్టిందా, కొన్నవాళ్లు పెట్టిందా?"

తెలియదురా అన్నాను. రాతి మీద ఏలినవాళ్ల భాష ఉంది, భర్త భాష ఉంది. ఆమె పుట్టి పెరిగిన భాషకు రాత లేదు. తల పక్కగా ఒంగి మళ్లీ చూశాను. ముఖం లేదు గానీ, ఎడమ చేతిలో కదురు మాత్రం ఇంకా పట్టుకునే ఉంది.